ఆగ్నెస్ దీదీ చెప్పని ఆదివారం

పక్కింటి నర్సమ్మ నికోబార్‌లో డ్యూటీ ముగించుకుని వస్తూ నాకొక సీసా కొబ్బరినూనె తెచ్చింది. మొన్న వంటింట్లో దాని మూత తీశాను. ముందు పొగ వాసన వచ్చింది, తర్వాత కొబ్బరి వాసన. అక్కడ వానలెక్కువ కాబట్టి కొబ్బరిని మంట మీద తడకలు కట్టి ఎండబెడతారు. ఆ పొగ నూనెకి కూడా అంటుకుంటుంది. చాలామందికి గిట్టదు. నాకు మాత్రం చెయ్యి అక్కడే ఆగిపోయింది. నా ముక్కుకి అది నూనె వాసన కాదు, హాకీ కర్రల వాసన. ముప్పై ఏళ్ళ కిందట హాడో ఓడరేవు దగ్గర, క్యాంటీన్ వెనక గోడకి వరసగా ఆనించి ఉండే మా కర్రల వాసన.

సరిగ్గా అప్పుడే హాల్లో మా మనవరాలు దివ్య ఫోను మీద చిరాకు పడుతోంది. దివ్య ఆఫీసులో ఉద్యోగం చేస్తుంది, శనివారాలు సాయంత్రం తనలాంటి ఉద్యోగస్తుల జట్టులో హాకీ ఆడుతుంది. వచ్చే మూడు నెలల ఆటలకి రోజులు ఎంచే పని ఈసారి తన మీద పడింది.

"చూడు అమ్మమ్మా, ఈ లడ్కీ పదహారో తారీఖుకి నో పెట్టింది. క్యోఁ అంటే, బస్, నో అంటోంది. రీజన్ చెప్పకుండా నో అంటే షెడ్యూల్ ఎలా ఫిక్స్ అవుతుంది? అందరూ రీజన్ రాయాలి, లేకపోతే నో చెల్లదని మెసేజ్ పెట్టేస్తున్నా."

"పెట్టకు," అన్నాను.

"అదేంటి? నువ్వే కదా ఇంట్లో అన్నిటికీ లెక్క చెప్పమనేది!"

నిజమే, అనేది నేనే. సబ్బు అరిగిన ముక్కని కొత్త సబ్బుకి అతికించే మనిషిని నేను. కూర మిగిలితే ఎందుకు మిగిలిందో చెప్పేదాకా వదలను. అలాంటిదాన్ని కారణం అడగొద్దు అంటే పిల్ల నమ్మలేదు. ఒక్క ముక్కలో చెప్పడం నాకూ చేతకాలేదు. "రెండు రోజులాగు. రాసిస్తాను," అన్నాను. "నువ్వు తెలుగులో రాస్తే నేనెక్కడ చదవగలను? నువ్వే చదివి వినిపించాలి," అంది. అందుకని పాత క్యాలెండర్ కాగితాల వెనక ఇది రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే ఉంటాయి.

నా చేతికి అధికారం ఇచ్చిన మనిషి దగ్గర్నుంచే నేనొక రోజు లాక్కున్నాను. ఒక్క ఆదివారం. ఆవిడ పేరు ఆగ్నెస్ దీదీ. ఇప్పటి పిల్లలెవరూ ఆవిడని చూసి ఉండరు.

ఆగ్నెస్ దీదీ హార్బరు పక్కన కూలీల క్యాంటీన్‌లో పెద్ద వంటావిడ. నేను ఆవిడ కింద కూరలు తరిగేదాన్ని. వాళ్ళ నాన్న అడవిలో చెట్లు కొట్టే పనికి రాంచీ వైపు నుంచి ఈ దీవులకి వచ్చాడు. మా నాన్న చేపల వేటకి శ్రీకాకుళం ఒడ్డు నుంచి వచ్చాడు. మేమిద్దరం మాత్రం ఇక్కడే పుట్టాం. రాంచీ వాళ్ళ పిల్లలకి నడక వచ్చేసరికే చేతిలో ఒక వంకర కొమ్మ ఉంటుందని మావైపు చెప్పుకునేవారు. దీదీ పొడగరి. నెమ్మదిగా మాట్లాడేది. నడుముకి స్టోరు తాళాల గుత్తి, దానితో పాటు ఒక విజిలు వేలాడుతూ ఉండేవి. అన్నం గంజి వార్చమనడానికి కూడా ఆ విజిలే ఊదేది. సాయంత్రం పని అయ్యాక మైదానంలోనూ అదే విజిలు. క్యాంటీన్ ఆడవాళ్ళు, ఆసుపత్రి ఆయాలు, బడిలో గంట కొట్టే ఆవిడ, ఇలా పోగేసి ఒక జట్టు కట్టింది. కూలీలు మమ్మల్ని గరిటె టీం అనేవారు. దీదీకి కోపం రాలేదు సరికదా, ఆ పేరే మైదానం కమిటీ పుస్తకంలో రాయించేసింది.

నేను ఆ జట్టులోకి పోయింది పిల్లి వల్ల. ఒకరోజు కడిగిపెట్టిన వంజరం ముక్క నోట కరుచుకుని పిల్లి పరిగెత్తింది. చీపురు పట్టుకుని వెంటబడ్డాను. స్తంభం దగ్గర అది ఎడమకి తిరిగితే నేనూ తిరిగాను, చీపురుతో దారి మూశాను, ముక్క వదిలేసి పోయింది. కడిగి మళ్ళీ గిన్నెలో వేశాను. తలెత్తితే దీదీ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ముక్క గురించి తిడుతుందేమో అనుకున్నాను.

"పైడీ, ఇధర్ ఆ. ఎడమ వైపు అంత జల్దీ ఎలా తిరిగావ్?"

"తిరక్కపోతే ముక్క పోద్ది కదా దీదీ."

"శామ్ కో గ్రౌండ్‌కి రా. ఎడమ అంచున ఆడడానికి నాకు లెఫ్ట్ అవుట్ లేదు."

"నాకంత తీరిక నేదు. కర్రొకటి అట్టుకుని నేను పరిగెడితే ఇంట్లో పొయ్యి ఎవులు ఎలిగిత్తారు?"

"ఆధా ఘంటా ఇవ్వు. వేస్ట్ అయింది అంటే వాపస్ చేసేస్తా."

అరగంట ఎలా వాపసు ఇస్తుందో చూద్దామనే వెళ్ళాను. కాళ్ళు నొప్పులు పుట్టాయి. మర్నాడు పొద్దున్న రాగానే, "వేస్టే," అన్నాను. దీదీ ఏమీ అనకుండా ఒక పళ్ళెం చూపించింది. నా వంతు ఉల్లిపాయలన్నీ అప్పటికే తరిగి ఉన్నాయి. "ఇదిగో నీ ఆధా ఘంటా," అంది. ఆ సాయంత్రం నా అంతట నేనే మైదానానికి పోయాను. ఇచ్చిన మాటకి అంత కచ్చితంగా నిలబడే మనిషిని అంతకు ముందు నేను చూడలేదు.

ఆటకి ముందు దీదీ కర్రలన్నిటికీ కొబ్బరినూనె పూసేది, పొగ వాసన వేసే ఆ నూనె. "మడుసులకి నేని నూనె కర్రలకెందుకు దీదీ?" అని నేను గొణిగేదాన్ని. "ఉప్పుగాలికి సూఖిపోయి పగులుతాయి," అనేది. ఆ నూనె ఎక్కడిదని నేనెప్పుడూ అడగలేదు. అడక్కుండా వదిలేసింది ఆ ఒక్కటే. అడగవలసింది కూడా అదే.

ఇక రోజులు ఎంచే సంగతి. వానలు వెనక్కి తగ్గాక, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మా ఆటలు. మైదానం చాలా జట్లకి కావాలి కాబట్టి కమిటీ వాళ్ళు ఖాళీ ఉన్న రోజుల జాబితా ఇచ్చేవారు. అందులోంచి ఎనిమిది రోజులు మేము ఎంచుకోవాలి. జనవరి ఆఖరులో, మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక, దీదీ పిండి కలిపే బల్ల తుడిచి దాని మీద క్యాలెండర్ పరిచేది. పక్కన గోడకి షిప్పుల ప్రోగ్రాం కాగితం ఉండేది. సరుకు షిప్పు వచ్చిన రోజు క్యాంటీన్‌లో ఊపిరాడదు కనక ముందు ఆ రోజులు కొట్టేసేది. తర్వాత పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు ముక్క తీసి మా చేతికిచ్చేది. ఒక్కొక్కరూ వచ్చి, తను రాలేని ఒక్క రోజు మీద బొగ్గుతో ఇంటూ పెట్టాలి. ఒక్కటే ఇంటూ. ఎందుకని ఎవరూ అడగకూడదు. ఇంటూ పెట్టిన రోజున ఆట లేదు, అంతే. ఆవిడ మాత్రం అందరి తర్వాత తన ఇంటూ పెట్టేది.

నాకది మహా దుబారాగా కనబడేది. పదమూడు మంది ఆడవాళ్ళు, పదమూడు ఇంటూలు, మంచి మంచి ఆదివారాలన్నీ మసి. మిగిలిన రోజుల్లో కొందరికి ఒంట్లో బాగుండక, పదకొండు మంది ఉండాల్సిన ఒక ఆటకి తొమ్మిది మందిమే పోగయ్యాం. కమిటీ వాళ్ళు హెచ్చరించారు, ఇంకోసారి ఇలా అయితే గరిటె టీం సాయంత్రాలు వేరే జట్టుకి ఇచ్చేస్తామని. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిల్లి వెనక తప్ప పరిగెత్తడం ఎరగని దాన్ని, అప్పటికి ఆ సాయంత్రాలు లేకపోతే ఉండలేని దాన్నయ్యాను.

ఆ తర్వాతి జనవరిలో దీదీ క్యాలెండర్ తెచ్చి నా ముందు పరిచింది. "ఈ సాల్ షెడ్యూల్ నువ్వు చెయ్యి, పైడీ. నువ్వు మెంతిగింజ కూడా పారెయ్యవు. రోజులు కూడా పారెయ్యవు." అందరి ముందూ అంది. నా జీవితంలో ఎవరూ నా చేతికి అలాంటి పెద్దరికం ఇవ్వలేదు. తలకెక్కింది.

అందరూ ఇంటూలు పెట్టాక నేను కొత్త రూలు చెప్పాను. "ఈసారి కారణం సెప్పాల. సెప్పకపోతే ఇంటూ సెల్లదు." ఆడవాళ్ళు దీదీ వైపు చూశారు. దీదీ పొయ్యి వైపు చూస్తోంది. ఒక్కొక్కరినీ అడిగాను. ఆడపడుచు సీమంతం అంటే ఒప్పుకున్నాను. పన్ను పీకించుకోవాలంటే, "అది మంగళవారం పీకించుకో," అన్నాను. తుష్నాబాద్ నుంచి రోజూ మొదటి బస్సుకి కూరగాయల బుట్టతో వచ్చే సరస్వతి వంతు వచ్చింది. బొగ్గు అంటిన వేళ్ళు కొంగుకి తుడుచుకుంటూ నిలబడింది.

"సెప్పు మరి. ఏటున్నాది ఆ రోజు?"

"ఆ రోజు మా ఇంట్లో సబ్ లోగ్ షాదీకి ఎల్లిపోతారక్కా. ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను."

"ఉంటే?"

"పడుకుంటాను. బస్. తలుపేసుకుని పడుకుంటాను."

అందరూ పకపకా నవ్వారు. నేను తడిగుడ్డతో ఆమె ఇంటూ తుడిచేశాను. సరస్వతి కూడా నవ్వింది కానీ, మొహం మాత్రం చెట్టు మీంచి పడినదానిలా అయిపోయింది. ఆ మొహం అప్పుడు నేను చూశాను. చూసి కూడా లెక్కచెయ్యలేదు.

చివర్లో దీదీ ఇంటూ మిగిలింది. ఫిబ్రవరిలో మూడో ఆదివారం. నాకు కావలసింది సరిగ్గా ఆ ఆదివారమే. ఫెరార్గంజ్ జట్టూ, వాళ్ళ పక్క ఊరి జట్టూ ఆ ఒక్క రోజే ఒకేచోట దొరుకుతారు. ఒక్క లారీ ప్రయాణంలో రెండు ఆటలు అయిపోతాయి. గోడ మీద కాగితంలో కూడా ఆ రోజు సరుకు షిప్పు లేదు, సాయంత్రం వైజాగ్ వెళ్ళే పాసింజర్ షిప్పొకటే ఉంది. క్యాంటీన్ మూత. అంతకన్నా మంచి రోజు ఎక్కడ దొరుకుతుంది?

"నీ కారణమేటి దీదీ?"

"చెప్పను."

"నువ్వే సెప్పకపోతే ఇంక ఒకరికి నేను ఏటి సెప్పగలను? సెల్లదు మరి."

హడావిడిగా అనేశాను. నా పై అధికారి ఆవిడ. ఒక్క మాట అంటే నా రూలు బూడిదలో కలిసేది. దీదీ నా వైపు చూసి కొంచెంగా నవ్వి, "ఈ సాల్ మేస్త్రీ నువ్వు," అంది. తాళాల గుత్తి సర్దుకుని స్టోరులోకి పోయింది. నేను ఇంటూ తుడిచాను. బొగ్గు మరక పూర్తిగా పోలేదు, ఆ గడి నల్లగా అలుక్కుపోయి ఉండిపోయింది. దాని మీదే మా ఆట రాశాను.

ఆ ఆదివారం పొద్దున్నే చాథమ్ జెట్టీలో ఫెర్రీ పడవ ఎక్కి అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో దిగాం, అక్కడ్నుంచి లారీలో ఫెరార్గంజ్. దీదీ గోలు దగ్గర నిలబడింది. మొదటి ఆట గెలిచాం. రెండోది సమానంగా పోయింది, నేనొక గోలు కొట్టాను. తిరుగు దారంతా ఆడవాళ్ళు పాటలు. నా షెడ్యూలు గురించి అందరూ పొగుడుతున్నారు. "ఒకే లారీ, దో మ్యాచ్! దిమాగ్ అంటే పైడక్కదే," అంటున్నారు. దీదీ లారీ అంచు పట్టుకుని నిలబడే ఉంది. ఆవిడ మూడుసార్లు డ్రైవర్‌ని జల్దీ పోనియ్యమని అడగడం విన్నాను. అలిసిపోయింది కాబోలు అనుకున్నాను.

తిరుగు ఫెర్రీ నీళ్ళ మధ్యకి వచ్చేసరికి ఎండ ఎర్రబడింది. హాడో వార్ఫు నుంచి వైజాగ్ షిప్పు కదిలి బయటికి వస్తోంది. దానికి దారి ఇవ్వడానికి మా ఫెర్రీ ఇంజను నెమ్మది చేశారు. తెల్లటి గోడలాగా షిప్పు మా ముందునుంచి పోయింది. డెక్కు మీద మనుషులు చీమలంత కనబడుతున్నారు, అందరికీ చేతులూపుతున్నారు, షిప్పెక్కిన వాళ్ళు ఎప్పుడూ ఊపుతారు కదా. దీదీ రెయిలింగు దగ్గరికి పోయింది. తన హాకీ కర్ర రెండు చేతులా పట్టుకుని తల మీదికి ఎత్తింది. అంత పొడవు మనిషి, ఆ పైన కర్ర. షిప్పు మలుపు తిరిగేదాకా అలాగే నిలబడింది. గెలిచామని ఊరందరికీ చూపిస్తోందని అనుకున్నాను. నాకు నవ్వొచ్చింది.

"కర్ర దించు దీదీ, ఎవరి కంట్లోనైనా పొడుచుకుంటాది!" అన్నాను.

దించింది.

ఇంటికి చేరేసరికి మా ఆయన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. వార్ఫులో మూటలు మోసే పని ఆయనది. పక్కన గుడ్డ చుట్టిన సీసా ఒకటి ఉంది.

"మీ దీదీ ఏదే?"

"ఇంటికెల్లింది. ఏటి?"

"ఒకావిడొచ్చింది. నికోబార్ బోటు దిగి, సాయంత్రం వైజాగ్ షిప్పెక్కాల. మద్దినేల నించి క్యాంటీన్ అరుగు మీద కూకునుంది. ఈవాళ మూతమ్మా అంటే, నేదు, నేదు, మా అక్క వస్తాది, ప్రతి ఏడూ వస్తాది అంటది. సైరన్ ఊదేదాకా కూకుంది. పోతా పోతా ఇది అక్కకివ్వమని ఇచ్చింది."

సీసా మూత తీశాను. పొగ వాసన, తర్వాత కొబ్బరి వాసన.

మర్నాడు ఆ సీసా పట్టుకుని హాడో రోడ్డు మీద నడిచిన నడక నేను మర్చిపోలేదు. దీదీ పొయ్యి ముందు కూర్చుని ఉంది. సీసా ఇచ్చాను. ఒళ్ళో పెట్టుకుంది, మూత తియ్యలేదు. నేనే ఉండబట్టలేక కసిరాను. తప్పు మనదైనప్పుడు కూడా కసరడం నాకున్న రోగం.

"ఒక్క ముక్క సెప్పలేకపోనావా? మా సెల్లెలొస్తాది అంటే నేను కాదంటానేటి?"

"అనవు," అంది. "అచ్ఛా, నా కారణం చెప్పాను అనుకో. అందరూ, అరే, ఎంత పెద్ద కారణం అంటారు. అప్పుడు సరస్వతి కారణం ఇంకా ఛోటా అయిపోతుంది. ఆమె మళ్ళీ బొగ్గు పట్టుకోదు."

"పోనీ నా రూలు కొట్టిపారెయ్యొచ్చు కదా. నువ్వు పెద్దదానివి."

"నీకు ఇచ్చాను. ఇచ్చింది వాపస్ తీసుకుంటానా?"

"వచ్చే ఏడు నేనే దగ్గరుండి ఇంటూ పెడతాను దీదీ."

అప్పుడు మూత తీసింది. వాసన చూసి మళ్ళీ పెట్టేసింది. "చెల్లి మొగుడు రిటైర్ అయిపోయాడు, పైడీ. సామాన్ అంతా తీసుకుని పోయారు. ఇక నికోబార్ రారు." అని విజిలు నోట్లో పెట్టుకుని ఊదింది. గంజి వార్చే వేళయింది.

ఆ మంగళవారం సాయంత్రం ఎప్పట్లాగే కర్రలన్నిటికీ ఆ నూనే పూసింది. దాచుకో దీదీ అని నేను బతిమాలాను. వినలేదు. నా కర్ర తనే తీసుకుని అందరి కర్రల కన్నా ఎక్కువసేపు రుద్దింది. ఏప్రిల్ రాకముందే సీసా ఖాళీ అయింది. తర్వాత కొన్న నూనె పూశాం. దానికి ఏ వాసనా లేదు.

మరుసటి జనవరిలో బొగ్గు ముక్క నేనే తీసుకెళ్ళి ముందు సరస్వతి చేతిలో పెట్టాను. ఆమె నా మొహం వైపు అనుమానంగా చూసింది. "పెట్టు. నేనేటీ అడగను," అన్నాను. పెట్టింది. ఏ రోజో, ఎందుకో నాకు ఈనాటికీ తెలియదు. దీదీ వంతు వచ్చినప్పుడు, "నాకు అక్కర్లేదు," అని బొగ్గు తిరిగి పొయ్యిలో వేసింది. ఉన్నన్నాళ్ళూ ఆవిడ మళ్ళీ ఇంటూ పెట్టలేదు. ప్రతి ఆదివారమూ ఆడింది.

పని మానేశాక దీదీ ఫెరార్గంజ్ దాటి తమ్ముడి ఊళ్ళో ఉండేది. వీలైనప్పుడు వెళ్ళేదాన్ని. ఉల్లిపాయలు తరుగుతూ మాట్లాడుకునేవాళ్ళం, నా వంతు కూడా తనే తరిగేది. రాంచీ నుంచి చెల్లెలి ఉత్తరాలు వస్తాయని చెప్పేది. తను వెళ్ళలేదు, వాళ్ళూ రాలేదు. ఒకసారి, "ఆవేళ షిప్పు మీంచి మీ సెల్లికి కర్ర కనబడిందేటి దీదీ?" అని అడిగాను. ఎన్నో ఏళ్ళుగా నాలో ఉన్న ప్రశ్న అది. "కనబడింది అని రాసింది," అంది. అబద్ధమో నిజమో ఆవిడ మొహంలో నాకు తెలియలేదు. కారణాలు చెప్పని మనిషి కదా. ఆ తర్వాతి వానాకాలం ఆవిడ పోయింది. అప్పటికి మైదానంలో గరిటె టీం పేరు కూడా లేదు.

దివ్యకి ఇంతవరకూ చదివి వినిపించాను. పిల్ల ఫోను తీసి, రాసుకున్న మెసేజ్ చెరిపేసింది. పదహారో తారీఖు వదిలేసి వేరే రోజు ఎంచింది. కాసేపటికి నా మంచం పక్కనున్న క్యాలెండర్ వైపు చూసింది. ప్రతి ఏడూ ఫిబ్రవరి మూడో ఆదివారం మీద అందులో ఒక నల్ల ఇంటూ ఉంటుంది. ఆ రోజు నేనెక్కడికో పోయి వస్తానని ఇంట్లో అందరికీ తెలుసు. ఎక్కడికని దివ్య నోటిదాకా వచ్చింది, నాకు కనబడింది. అడగలేదు. నూనె సీసా మూత గట్టిగా బిగించి పైన అరలో పెట్టింది.

అడక్కపోయినా ఇక్కడ రాస్తున్నాను. ఆ ఆదివారం నేను చాథమ్‌లో ఫెర్రీ ఎక్కుతాను. బాంబూఫ్లాట్‌లో నాకే పనీ లేదు. దిగి, మళ్ళీ అదే ఫెర్రీలో వెనక్కి వస్తాను. సంవత్సరం మొత్తం మీద నేను చేసే దుబారా అదొక్కటే. నీళ్ళ మధ్యలో షిప్పు ఏదైనా బయటికి పోతుంటే రెయిలింగు దగ్గరికి పోయి, చెయ్యి అందినంత పైకి ఎత్తుతాను. డెక్కు మీద ఎవరుంటారో నాకు తెలియదు. మొన్నటేడు పక్కన నిలబడ్డ ఒకావిడ, "మాజీ, చెయ్యి దించండి, నొప్పి పుడుతుంది," అంది. షిప్పు మలుపు తిరిగేదాకా దించలేదు.